నాట్లేసే చేతుల్నీ అడగండి

శ్రీ వరి పద్ధతి ఒక చర్చి ఫాదరు చేతుల్లో రూపుదిద్దుకుంది. ఆయన పేరు హెన్రీ డి లౌలనీ. ఫ్రాన్సులో వ్యవసాయం చదివి 1961లో మడగాస్కర్ వెళ్లి, అక్కడి రైతుల మళ్లలో ఏళ్ల తరబడి తిరిగాడు. కొందరు కుదురుకు ఒక్క మొక్కే నాటడం, కొందరు మధ్యమధ్య మడిని ఆరనివ్వడం ఆయన కంటపడింది. 1983లో వానలు సరిగా లేక 15 రోజుల లేత నారే నాటాల్సి వచ్చింది. అది దండిగా పిలకలు వేసింది. రైతులు చేస్తున్నదాన్ని, అనుకోకుండా జరిగినదాన్ని కలిపి చూడగలిగాడు, అదీ ఆయన గొప్పతనం.

2003లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ పద్ధతిని ఆంధ్ర రైతుల పొలాల్లోకి తెచ్చింది. ఎకరానికి 2 కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల నారు, మొక్కకూ మొక్కకూ 25 సెంటీమీటర్ల ఎడం, ఆరుతడి. అయినా అనుకున్నంతగా పాకలేదు. రైతులు మారరని కొందరంటారు. నేనొప్పుకోను.

మా అమ్మ కృష్ణా డెల్టాలో నాట్ల కూలీ. ముదురు నారు కట్ట ఎడమచేత పట్టుకుని, కుదురుకు మూడు నాలుగు మొక్కలు గుచ్చుతూ వెనక్కి నడిచేది. ముఠాకు ఎకరం లెక్కన గుత్త. చెయ్యి ఎంత చురుగ్గా ఆడితే అంత కూలి. శ్రీ పద్ధతిలో రెండాకుల మొక్కను వేరు తెగకుండా, గింజ ఊడకుండా, మట్టితో సహా తెచ్చి, మడిలో నిలువూ అడ్డమూ గీసిన గీతల కూడలిలో పెట్టాలి. చెయ్యి నెమ్మదిస్తే ఆ నష్టం ఎవరు భరించాలి? పైగా నీరు నిలవని మడిలో కలుపు విరగబడుతుంది. దాన్ని అణచడానికి బురదలో కోనో వీడర్ నెట్టేవాళ్ల భుజాల సంగతేమిటి?

ఈ పద్ధతిలో మిగిలిన చిక్కులకు మందు ఆ మనుషుల దగ్గరే ఉందని నా నమ్మకం. నారుమడి ఎలా పోస్తే మొక్క సులువుగా ఊడివస్తుందో, వీడరు పిడి ఎంత ఎత్తుండాలో రోజంతా వంగి పనిచేసే మనిషికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కృషి విజ్ఞాన కేంద్రాల సలహా సంఘాల్లో రైతులకు చోటుంది. నాట్ల ముఠా మేస్త్రీకీ ఒక కుర్చీ వేయండి. ఆమెను పిలిచిన రోజున కూలి డబ్బులు కట్టివ్వండి. కొత్త పనిముట్టు ఖరారు చేసేముందు ఆమె చేతికిచ్చి, ఒక పూట మడిలో దింపండి.