దారి ఖాళీగా ఉన్నదా?



ఈ నెల ఫ్రాన్సు దేశపు ఒక క్రీడాకారిణి జీవితమును మీ ముందుంచుచున్నాము. ఆమె పేరు రెజీన్ కవాన్యూ. 1970 జూన్ 27న ఆల్ప్స్ పర్వత ప్రాంతములోని తోన్ అను చిన్న పట్టణములో ఆమె జన్మించెను. దగ్గరలోని లా క్లూసా అను కొండ ఊరిలో పెరిగెను. చలికాలము వచ్చినదంటే ఆ ఊరి కొండలన్నియు మంచుతో కప్పబడును. కాళ్లకు స్కీలు, అనగా పొడవైన సన్నని పలకలు, బిగించుకొని వాలు మీదుగా జారుట అక్కడి పిల్లలకు పసితనముననే అలవాటగును.

ఈ జారుడు పందెములు పలు రకములు. వాటిలో మిక్కిలి వేగమైనది డౌన్‌హిల్. అందులో పందెమునకు ముందటి దినములలో అదే దారిలో జారి సాధన చేయనిత్తురు. రెజీన్‌కు పేరు తెచ్చిన సూపర్ జి అను పందెములో ఆ వెసులుబాటు లేదు. పందెపు దినమున ఉదయము ఆ దారి వెంబడి మెల్లగా దిగుచు, ఏ మలుపు ఎక్కడున్నదో, ఎక్కడ నేల దిగబడుచున్నదో కంటితో చూచి మనస్సులో ఉంచుకొనవలెను. ఆ తరువాత ఒక్కటే పరుగు. వేగము గంటకు 100 కిలోమీటర్లు దాటును. గెలుపును ఓటమిని వేరుచేయునది సెకనులో నూరవ వంతు.

రెజీన్‌కు విజయము త్వరగా దొరకలేదు. ప్రపంచ కప్ అనబడు పందెములు చలికాలమంతయు దేశదేశములలో వరుసగా జరుగును. ఇరువది యేండ్ల వయస్సు మొదలుకొని ఆమె వాటిలో పాల్గొనెను. ఏండ్లు గడిచినవి గాని మొదటి స్థానము రాలేదు. మోకాళ్లకు, వెన్నుకు గాయములైనవి. పడుట, చికిత్స పొందుట, మరల నడక నుండి మొదలుపెట్టుట ఆమెకు మామూలైపోయెను. 1992లో తన ప్రాంతమునకు చేరువనే ఆల్బర్‌విల్‌లో ఒలింపిక్స్ జరిగినవి. అక్కడ గాని, 1994లో నార్వేలో గాని, 1998లో జపానులో గాని ఆమెకు పతకము దక్కలేదు.

అట్టి దశలో అనేకులు ఇక చాలునని ఇంటికి పోవుదురు. రెజీన్ పోలేదు. 1999 జనవరిలో ఇటలీ దేశపు కోర్టినా దాంపెజ్జోలో ఆమె మొదటి ప్రపంచ కప్ విజయము పొందెను. అప్పటికి ఆమె వయస్సు 28. ఆ తరువాత గెలుపులు వెంటవెంటనే వచ్చినవి. మొత్తము ఎనిమిది పందెములు గెలిచెను. 2001 జనవరిలో ఆస్ట్రియాలోని సెయింట్ ఆంటన్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో సూపర్ జి బంగారు పతకము ఆమెదే. ఆ సంవత్సరమే ప్రపంచ కప్‌లో సూపర్ జి ట్రోఫీని గెలిచి, అన్ని రకముల పందెములు కలిపి చూడగా మూడవ స్థానములో నిలిచెను. వచ్చే ఏడాది ఒలింపిక్స్. పది యేండ్ల పాటుకు ఫలము చేతికందు కాలమది.

2001 అక్టోబరు 27న ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో క్రొత్త పందెముల కాలము ఆరంభమాయెను. అక్కడ రెజీన్ మూడవ స్థానము పొందెను. రెండు దినముల తరువాత ఫ్రాన్సు జట్టు పిట్స్‌టాల్ హిమానీనదము మీద సాధన చేయుచుండెను. అక్కడ మంచు ఏడాది పొడవున నిలిచియుండును గనుక అనేక దేశముల జట్లు అచ్చటికి వచ్చును. ఆ దినమున జర్మనీ జట్టు కూడ అదే వాలు మీద ఉండెను. రెజీన్ పూర్తి వేగముతో దిగుచుండగా జర్మనీ జట్టు శిక్షకుడొకరు ఆ దారికి అడ్డముగా వచ్చిరి. ఇద్దరును ఢీకొనిరి. ఆయనకు తీవ్ర గాయములైనవి. రెజీన్ తలకు బలమైన దెబ్బ తగిలెను. ఆమెను ఇన్స్‌బ్రుక్ ఆసుపత్రికి చేర్చిరి గాని, అక్టోబరు 31న ఆమె కన్నుమూసెను. వయస్సు 31 సంవత్సరములు.

ఈ సంగతిని మనము నిదానముగా ఆలోచింపవలెను. పందెములో ప్రమాదమున్నదని అందరికిని తెలియును. 1994లో ఆస్ట్రియా క్రీడాకారిణి ఉల్రిక్ మాయర్, ఒక చిన్న పాపకు తల్లి, పందెము నడుచుచుండగానే పడి మరణించెను. అందుచేత పందెపు దారికి ఇరువైపుల వలలు కట్టుదురు, అడుగడుగున కావలివారిని నిలుపుదురు. రెజీన్ మరణించినది అట్టి పందెములో కాదు, సాధారణమైన ఒక సాధన దినమున. సాధన చేయుచోట శిక్షకులు వాలు మీద అక్కడక్కడ నిలిచియుందురు. క్రింద నుండి రేడియోలో దారి ఖాళీగా ఉన్నదని మాట వచ్చిన తరువాతనే పైనున్న వారిని వదలవలెను. జారువారికి మలుపు వెనుక ఏమున్నదో కనబడదు. ఆ వేగములో ఆగుటకు వీలుండదు. వారి ప్రాణము క్రింద నిలిచిన వారి మాట మీద ఆధారపడియున్నది.

ధైర్యవంతులను మనము మెచ్చుకొందుము. వారి కొరకు దారి కాచువారిని ఎవరును మెచ్చుకొనరు. వారి పేర్లు పత్రికలలో రావు. అయినను ఆ ధైర్యము నిలుచునది ఈ కాపలా మీదనే. పది యేండ్లు గాయములను ఓర్చి సంపాదించినది ఒక్క క్షణపు ఏమరుపాటులో పోవచ్చును. ట్రాక్టరు వెనుకకు త్రిప్పునప్పుడు గాని, నూర్పిడి యంత్రము నడుపునప్పుడు గాని, చక్రము వెనుక ఎవరున్నారో చూచి చెప్పు మనిషి ఒకడుండవలెను. చెప్పువరకు నడుపువాడు ఆగవలెను. రోజూ చేయు పని గదా అనుకొను దినముననే ఈ జాగ్రత్త మిక్కిలి అవసరము.

రెజీన్ మరణముతో ఆమె జట్టు మిక్కిలి క్రుంగిపోయెను. ఆమె తోటి క్రీడాకారిణి కరోల్ మోంటియే, మూడు నెలలు గడిచిన పిమ్మట అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ పందెమునకు నిలిచెను. 2002 ఫిబ్రవరి 12న ఆమె అందరికంటె ముందు నిలిచి బంగారు పతకము గెలిచెను. ఒలింపిక్స్ డౌన్‌హిల్‌లో బంగారము పొందిన మొదటి ఫ్రెంచి స్త్రీ ఆమెయే. ఆ గెలుపును ఆమె రెజీన్‌కు అంకితమిచ్చెను.

ప్రియులారా, మన యిండ్లలో రెజీన్ వలె ఓర్పుతో కష్టపడు పిల్లలు ఉన్నారు. రెండు మూడు సార్లు ఓడిపోయినంత మాత్రాన వారిని చులకన చేయకుడి. గెలుపు ఇరువది యెనిమిదవ ఏట కూడ రావచ్చును. వారు పరుగెత్తుచున్నప్పుడు క్రింద నిలిచి దారి చూచు పని మనది.