సహాయ విన్యాసం కొండ కూడా ఎక్కాలి



విశాఖలో నేవీ డే అన్నా, విదేశీ నౌకలు వచ్చాయన్నా మనలో రెండు మాటలే వినిపిస్తాయి. "వాళ్ల పండగ, మనకెందుకు?" అని కొందరు. "సైన్యం సంగతి అడిగితే దేశద్రోహం" అని ఇంకొందరు. రెండూ తప్పే అంటున్నాం మేం.

1971 యుద్ధంలో డిసెంబర్ 4 రాత్రి మన నౌకాదళం కరాచీ రేవు మీద చేసిన దాడికి గుర్తు నేవీ డే. 2022లో ఆ ప్రధాన వేడుక ఢిల్లీ వదిలి ఆర్కే బీచ్‌కి వచ్చింది. సర్వసైన్యాధిపతి హోదాలో దాన్ని చూసింది సంతాల్ ఆడబిడ్డ ద్రౌపది ముర్ము గారు. మనమంతా స్టేటస్‌లు పెట్టుకుని గర్వపడ్డాం. గర్వపడే హక్కు ఉన్నవాళ్లకి అడిగే హక్కు ఉండదా?

అడగాల్సింది ఇది. 2019లో భారత్, అమెరికా కలిసి విశాఖ, కాకినాడ తీరంలో 'టైగర్ ట్రయంఫ్' విన్యాసం మొదలుపెట్టాయి. 2024లో, 2025లో కూడా చేశాయి. దాని ఉద్దేశం విపత్తులో జనానికి సాయం చెయ్యడం అని ప్రభుత్వమే చెప్పింది. ఓడల్లోంచి మనుషుల్నీ సామాన్లనీ ఒడ్డుకి దించుతారు. సహాయ శిబిరం, వైద్య శిబిరం వేస్తారు. రెండు దేశాల వాళ్లూ ఒకే కేంద్రం నుంచి పని నడుపుతారు. ఇందులో పాల్గొనే ఐఎన్ఎస్ జలాశ్వ 2020 మేలో మాల్దీవుల నుంచి 698 మందిని ఒక్క విడతలో కొచ్చికి చేర్చింది. ఆ పనికి సలాం.

మరి కొండ మాటేంటి? పాడేరు, అరకు, రంపచోడవరం ఏజెన్సీలో గెడ్డ పొంగితే గర్భిణిని డోలీ కట్టి మోసే ఊళ్లు ఇంకా ఉన్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని కొట్టిందని అందరికీ తెలుసు. మన కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయిన సంగతి ఎంతమందికి గుర్తుంది? విపత్తు తీరం దగ్గరే ఆగిపోతుందా?

"రోడ్డెయ్యడం నేవీ పని కాదు" అంటారు. నిజమే, కాదు. అందుకే ప్రభుత్వాల్ని అడుగుతున్నాం. ఆ విన్యాసం నుంచి కొండకి తేవాల్సింది ఓడల్ని కాదు, పద్ధతిని. ముందే తేదీ పెట్టుకోవడం, ఎవరి పని ఏంటో రాసుకోవడం, పట్టిన టైము లెక్కెయ్యడం, ఎక్కడ ఆగిపోయామో ఒప్పుకుని సరిచేసుకోవడం. ప్రతి ఏడాదీ వానలకి ముందు ఐటీడీఏ, 108, ఆసుపత్రి, విపత్తు దళాలు కలిసి ఏజెన్సీలో ఇలాంటి విన్యాసం చెయ్యాలి. కొండ చివరి ఊరి నుంచి ఆసుపత్రి మంచం దాకా ఎన్ని గంటలు పట్టిందో బోర్డు మీద రాసి పెట్టాలి. రోడ్డు ఎక్కడ లేదో అప్పుడు ఎవరూ దాచలేరు.

ఇంకో మాట గట్టిగా చెప్తున్నాం. విదేశీ సైనికుల్ని కొండెక్కించమని మేం అడగట్లేదు. సాయం పేరు చెప్పి భూమి అడిగితే ఊరుకోం. మనకి ఐదో షెడ్యూల్ ఉంది, 1996 పెసా చట్టం ఉంది. గ్రామసభని అడక్కుండా ఎవరొచ్చినా అది సాయం కాదు.

సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు గ్రామసభలో ఈ డిమాండ్ తీర్మానం చేయించండి. కాపీ ఐటీడీఏకి, కలెక్టర్‌కి పంపండి. వేడుకల్లో థింసా ఆడటానికి మన వాళ్లని పిలుస్తూనే ఉంటారు. వెళ్దాం, ఆడదాం. ఆట అయ్యాక ఆ తీర్మానం కాగితం కూడా వేదిక మీదున్న వాళ్ల చేతిలో పెడదాం.

జోహార్!