అవ్వ బరువు చూశారా?

చెనిక్కాయల మూట కిలో తక్కువ తూగితే రైతు ఊరుకోడు. కాటా దగ్గరే నిలదీస్తాడు. అదే ఇంట్లో అవ్వ ఏడాదిలో నాలుగు కిలోలు తగ్గితే మాత్రం ‘వయసైంది కదా’ అని అందరూ సరిపెట్టుకుంటారు. ఆ తగ్గుదల వెనక ఒక్కోసారి మనసుకు పట్టిన జబ్బు ఉంటుంది. అదే డిప్రెషన్. మన మాటల్లో దిగులు, కుంగుబాటు.

అనంతపురం సీమలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అదీ అదనుకు రాదు. పంట ఎండిన ఏడు వయసులో ఉన్నవాళ్లు బెంగళూరుకో, కేరళకో పనులకు వెళ్తారు. ఇంటికి కాపలాగా పెద్దవాళ్లు మిగులుతారు. నలుగురికీ సంగటి కెలికిన చేతులకు, ఒక్క కడుపు కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు. పొద్దున మిగిలిందే రాత్రికి. లేదంటే టీ, రెండు బిస్కెట్లు. అడిగితే ‘తినబుద్ధి కాదప్పా’ అంటారు. నడుము నొప్పి, నీరసం, నిద్ర పట్టడం లేదని చెబుతారు తప్ప, మనసు బాగాలేదని చెప్పరు.

2017-18లో దేశమంతటా జరిగిన ‘లాసి’ సర్వేలో, 60 ఏళ్లు దాటినవారిలో 27 శాతం మంది బరువు తక్కువగా, 22 శాతం మంది ఎక్కువగా ఉన్నట్టు తేలింది. తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు 8.3 శాతం మందిలో కనిపించాయి. డాక్టరు జబ్బును గుర్తించారని చెప్పినవారు మాత్రం 0.8 శాతమే!

దిగులుతో ఆకలి చస్తుంది. తిండి తగ్గితే కండ కరుగుతుంది. కాళ్లలో సత్తువ లేక రచ్చకట్ట దాకా కూడా పోలేరు. మనుషులు దూరమైతే దిగులు ఇంకా ముదురుతుంది.

ఊబకాయంతోనూ ఇదే చిక్కు. ఒళ్లు బరువెక్కితే మోకాళ్లు మొరాయిస్తాయి, గడప దాటడం తగ్గిపోతుంది. ఊబకాయులకు డిప్రెషన్ వచ్చే అవకాశం 55 శాతం, డిప్రెషన్ ఉన్నవారికి ఊబకాయం వచ్చే అవకాశం 58 శాతం ఎక్కువని 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు 15 అధ్యయనాలను కలిపి చూసి చెప్పారు. అవి అన్ని వయసుల వారికీ కలిపి వేసిన లెక్కలు.

మరి ఇంట్లోవాళ్లు ఏం చేయాలి? పింఛను అందే రోజున నెలనెలా బరువు చూసి రాసిపెట్టండి. ఇంట్లో యంత్రం లేకపోతే ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రంలో ఉంటుంది. ప్రయత్నించకుండానే ఆర్నెల్ల నుంచి ఏడాదిలోపు నూటికి ఐదు వంతులు, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరుకు చూపించాలి. ముందుగా షుగరు, క్షయ, థైరాయిడ్, క్యాన్సర్, పళ్ల బాధలు ఏమైనా ఉన్నాయేమో చూస్తారు. రెండు వారాలకు మించి దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ‘నేనుండి ఏం లాభం’ అనడం ఉంటే మానసిక వైద్యుల్ని కలవాలి. ఆ చివరి మాట వింటే అస్సలు ఆలస్యం చేయొద్దు.

ఆకలిని పెంచే మందులున్నాయి, బరువు పెంచనివీ ఉన్నాయి. మనిషిని బట్టి డాక్టరు ఎంచుతారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా మానేయకూడదు. సలహా కోసం ‘టెలీ మానస్’ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

బరువు తగ్గినవారికి మెత్తటి సంగటి, పప్పు, గుడ్డు, పాలు, చెనిక్కాయల పొడి కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టండి. షుగరు, కిడ్నీ జబ్బులుంటే డాక్టరును అడిగి పెట్టాలి. ‘తిను తిను’ అని గదమాయించడం కన్నా పక్కన కూర్చుని కలిసి తినడం మేలు. దూరాన ఉన్నవాళ్లు ఫోన్‌లో ‘బాగున్నావా’ అని వదిలేయకండి. ‘ఈ పూట ఏం వండుకున్నావు, ఎవరితో కూర్చుని తిన్నావు?’ అని అడగండి. అసలు సంగతి అక్కడే తెలుస్తుంది.