నల్లరేగడి మీద లాన్ ఎవరికోసం?

ఒంగోలు తాగేది సాగర్ కుడికాలువ వదిలినప్పుడు సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల్లో పట్టిపెట్టుకున్న నీళ్ళు. అలాంటి ఊళ్ళో మే నెలలో పార్కు లాన్‌ని తడపడాన్ని సుందరీకరణ అంటున్నాం. పైగా దానిమీద నడవకూడదని బోర్డు!

గుంటూరుదీ అదే మోజు. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. దానిమీద టైల్స్ పరిస్తే ఎగుడుదిగుడవుతాయి, వాననీరు ఇంకక రోడ్డెక్కుతుంది. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ నాటడం ఇంకో తెలివి. గుజరాత్ దాన్ని 2023లోనే నిషేధించింది.

వేప, కానుగ, చింత ఈ మట్టిని ఎరిగినవి. మొదటి రెండు మూడేళ్ళు నీళ్ళుపోస్తే తర్వాత మనల్ని పెద్దగా అడగవు. ఫొటోలో బాగుండవంటారా? యార్డులో మిర్చి టిక్కీలు మోసి వచ్చిన హమాలీకి కావలసింది నీడ. పిల్లలు ఆడుకునేచోట గడ్డి ఉంచండి, కాదనను. మిగతా టెండర్లో మాత్రం నీడ ఎన్ని గజాలో ముందు రాయండి.