బొద్దింకకీ ఒక పేరుంది

బొద్దింక కనపడగానే మనలో చాలామంది చెప్పు తీస్తారు. జువాలజీ వాళ్ళం కత్తెర తీసేవాళ్ళం. 2014లో యూజీసీ డిసెక్షన్లు ఆపమన్నాక ఆ కత్తెర పోయింది. దాంతోపాటు బొద్దింక కూడా ల్యాబు వదిలి చార్టు మీదికెక్కింది. చంపటం మానటం మంచిదే. చూడటం కూడా మానేస్తే ఎలా?

ప్రపంచంలో 4,500కు పైగా బొద్దింక జాతులున్నాయి. మన ఇళ్ళలో చేరేవి సుమారు 30. మిగిలినవి చాలావరకు అడవుల్లో రాలిన ఆకూ, కుళ్ళిన కర్రా తిని నేలకి సత్తువిచ్చేవే. బెంజ్ సర్కిల్ డ్రైనేజీల్లో తిరిగే ఎర్రగోధుమరంగు పెద్దది పెరిప్లానెటా అమెరికానా. వంటింటి అలమరలో దూరే చిన్నది బ్లాటెల్లా జర్మానికా. తల వెనక పలక మీద రెండు నల్లగీతలు చూసి పోల్చుకోవచ్చు. పేర్లు చూసి మోసపోకండి! మొదటిది ఆఫ్రికాది. రెండోదాని పుట్టిల్లు ఇండియాయో, బర్మాయో అయివుంటుందని 2024లో జన్యుపరిశోధకులు తేల్చారు.

ఇక దక్షిణ భారతపు చిట్టడవుల్లో థీరియా పెటివెరియానా ఉంది. నల్లటి ఒంటిమీద ఏడు తెల్లచుక్కలు! 1758లో లిన్నేయస్ అంతటివాడే దాన్ని పెంకుపురుగుల్లో చేర్చాడు. విదేశాల్లో దాన్ని గాజుపెట్టెల్లో ముచ్చటగా పెంచుకుంటున్నారు. మనం దాని బొమ్మైనా చూడం.

ఇదంతా ఎందుకంటారా? రైతుబిడ్డగా చెబుతున్నా. మావైపు చేలో పురుగు కనిపిస్తే ముందు మందు కొడతారు, ఏ పురుగో తర్వాత అడుగుతారు. దోమతోపాటు దోమని తినే సాలీళ్ళూ, అక్షింతల పురుగులూ చస్తాయి. మళ్ళీ దోమ, మళ్ళీ మందు, మళ్ళీ అప్పు! పేరు తెలియనితనానికి మనం కట్టే వడ్డీ అది. పురుగుని నిలబడి చూసే అలవాటు కాలేజీలో కాకపోతే ఇంకెక్కడ వస్తుంది?

అందుకే నా కోరిక: మన ల్యాబులో ఒక గాజుతొట్టె పెడదాం. పై అంచు లోపలివైపు వాజిలిన్ పూత, గట్టి వలమూత, లోపల నిలబెట్టిన గుడ్ల అట్టలు, తిండికి తవుడు, నీటికి తడిదూది. ఇంతే! అమెరికానా గుడ్లతిత్తిలో 14–16 గుడ్లుంటాయని పాఠంలో చదివాం, లెక్కపెట్టి చూద్దాం. పిల్ల ఎన్నిసార్లు కుబుసం విడిచిందో నోటుబుక్కులో రాద్దాం. ఎక్కువైనవి అక్వేరియం చేపలకి మేత. ఉబ్బసం ఉన్న మిత్రులు మాత్రం దూరంగా ఉండాలి.

ఒక్క షరతు. మేతకోసం అమ్మే దక్షిణ అమెరికా డూబియాలాంటి విదేశీ రకాలు వద్దు. పైనుంచి వచ్చిన గుర్రపుడెక్క, వయ్యారిభామ ఏం చేశాయో మన కృష్ణా కాలవల్నీ, గట్లనీ అడగండి!

తొట్టెకి చోటు లెక్చరర్ గార్లు చూపిస్తే చాలు. తవుడు మా ఊరి మిల్లునుంచి తెచ్చే పూచీ నాది.