విత్తనాన్ని కాదు, వెలుతురును అడగండి

“మొక్కై వంగనిది మానై వంగునా” అనే సామెత మన హాస్టల్లో వినని వారుండరు. స్టడీ అవర్లో కునుకు తీసినా, లెక్కల్లో మార్కులు తగ్గినా పెద్దలు ఈ మాటే అంటారు. ఎవరో పట్టి వంచితేనే మొక్క వంగుతుందని దీని భావం. కానీ జీవశాస్త్రం పాఠంలో మేము చదువుకున్నది వేరు. మొక్క తనంతట తానే వంగుతుంది, అదీ వెలుతురు ఉన్న వైపుకే.

ఈ సంగతిని ఛార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ పరీక్షించి 1880లో పుస్తకంగా రాశారు. గడ్డి జాతి మొలకల కొనలకు వెలుతురు సోకకుండా చిన్న టోపీలు తొడిగితే అవి వంగలేదు. కొనను వదిలి కింది భాగాన్ని కప్పితే వంగాయి. అంటే వెలుతురును పసిగట్టేది కొన, వంగేది దాని కింది భాగం. ఆక్సిన్ అనే హార్మోను నీడ వైపున ఎక్కువగా చేరి, అక్కడి కణాలను సాగదీస్తుందని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ వైపు పొడుగు కావడంతో మొక్క వెలుతురు వైపు ఒరుగుతుంది.

నీడలో పడ్డ మొక్క సంగతి ఇంకా ఆలోచించదగ్గది. పైనున్న చెట్ల ఆకులు ఎర్రని కాంతిని పీల్చుకుని, మన కంటికి సరిగా ఆనని ముదురు ఎరుపు కాంతిని కిందికి వదిలేస్తాయి. ఈ తేడాను కనిపెట్టేది ఫైటోక్రోమ్ అనే పదార్థం. 1959లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో దీన్ని గుర్తించారు. నీడ పడిందని తెలియగానే ఎండను కోరే మొక్క కొమ్మలు వేయడం తగ్గించి, ఉన్న బలమంతా కాండం పొడవుకే పెడుతుంది. సన్నగా, పాలిపోయి నిలబడుతుంది. చూసినవారు “విత్తనం మంచిది కాదు” అంటారు. అదే విత్తనాన్ని ఎండలో వేసి చూస్తే గదా తెలిసేది!

హాస్టల్ పిల్లల గురించి కూడా ఇలాంటి మాటలే వింటున్నాం. “వీళ్ల చదువులు ఇంతే” అనడం చాలామందికి అలవాటు. యాభై మందికి రెండు ట్యూబ్‌లైట్లున్న గదిలో ఎలా చదివారని అడిగేవారు తక్కువ. ఫలానా కోర్సు ఉందని, ఫలానా పరీక్షకు ఫీజు గడువు దగ్గర పడిందని చెప్పే మనిషి ఇంట్లో లేకపోవడం కూడా చీకటే. చీకట్లో మొలకెత్తిన పెసలు పసుపు రంగులో, పొడుగ్గా సాగి ఉంటాయి. వాటిని వెలుతురులో పెడితే ఒకటి రెండు రోజుల్లోనే పచ్చబడతాయి. అందుకే ఆలస్యమైందని ఎవరినీ వదిలేయకూడదని మా అభిప్రాయం.

అయితే వెలుతురు ఎంత ఎక్కువైతే అంత మంచిదని కూడా మేము అనడం లేదు. తమలపాకు తోటలో అవిసె చెట్లు ఎందుకు పెంచుతారో రైతు బిడ్డలకు తెలుసు. తీగకు పాకడానికి ఆధారం, మండుటెండకు నీడ రెండూ అవే. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు మాకు అలాంటి అవిసె చెట్లు కావాలి. వార్షికోత్సవం నాడు శాలువా కప్పించుకుని వెళ్లిపోకుండా, నెలకొక ఆదివారం వచ్చి దారి చెబితే చాలు.

మొక్కకు చీకటి కూడా అవసరమే. మరుల మాతంగి మొక్కకు పొడవైన రాత్రి దొరికితేనే పూత వస్తుంది. ఆ రాత్రి నడుమ కాసేపు దీపం వెలిగించినా పూత ఆగిపోతుందని 1938లో హామ్నర్, బానర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. మనుషులకు ఇదే లెక్క వర్తిస్తుందని కాదు గానీ, పసిపిల్లలకు నిద్ర కావాలని చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. పదో తరగతి వాళ్లం పడుకునే గదిలోనే లైటు వేసుకుని చదివితే, పక్కన మూడో తరగతి తమ్ముళ్లకు నిద్ర ఉండదు.

కాబట్టి వార్డెన్ గారికి, పెద్దలకు మా మనవి. చదువుకోవడానికి వేరే గది, దానికి సరిపడా లైట్లు ఇప్పించండి. కిటికీలకు అడ్డంగా పేర్చిన ట్రంకు పెట్టెలను మేమే తీసి వేరే చోట సర్దుకుంటాం. ఈ వార్షికోత్సవానికి నాటే మొక్కలను గోడ నీడలో వరుస కోసం కాకుండా, ఏ మొక్కకు ఎంత ఎండ కావాలో చూసి నాటుదాం.

మిత్రులారా! మొక్క ఉన్నచోటు వదిలి కదల్లేదు, నోరు తెరిచి అడగలేదు. అయినా వెలుతురు కోసం తన ప్రయత్నం మానదు. మనకు కాళ్లున్నాయి, నోరుంది. అడుగుదాం, అందుకుందాం, వెనక వచ్చే తమ్ముళ్లకు అడ్డు నిలవకుండా పెరుగుదాం.

– పదో తరగతి విద్యార్థులం