కంప్యూటరుకి క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదా?

‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్టాఫీస్’ గురించి మాట్లాడేవాళ్ళందరూ చివరికి ఒకే మాట దగ్గరికి వచ్చి ఆగుతారు. చూశారా, కథ గెలిచింది! ఇరవయ్యేళ్ళు కోర్టులూ పత్రికలూ చేయలేని పనిని నాలుగు ఎపిసోడ్ల టీవీ నాటకం నాలుగు రోజుల్లో చేసింది. సాహిత్యమంటే ఇష్టమున్నవాళ్ళకి ఇంతకంటే తీపి కబురేముంటుంది? నాకు మాత్రం ఈ మాట విన్నప్పుడల్లా చిరాకేస్తుంది. కథ గెలవలేదని కాదు. ఏం గెలిచిందో ఎవరూ చూడటం లేదని.

సంగతి తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్తాను. బ్రిటన్‌లో చాలా ఊళ్ళలో పోస్టాఫీసంటే దుకాణంలో ఒక మూలనుండే కౌంటరు. దాన్ని నడిపే సబ్-పోస్ట్‌మాస్టర్లు జీతగాళ్ళు కారు, కాంట్రాక్టు మీద పనిచేసే చిన్న వ్యాపారులు. వాళ్ళలో మనదేశం నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు కూడా చాలామందే ఉన్నారు. 1999 నుంచి ఆ కౌంటర్లలో హొరైజన్ అనే అకౌంటింగ్ సిస్టమ్ పెట్టారు. చేసింది ఐసీఎల్, అది ఫుజిత్సులో కలిసింది. అక్కణ్ణుంచి లెక్క తేలినప్పుడల్లా ఎవరో ఒకరికి డబ్బు తక్కువ. తక్కువైంది కాంట్రాక్టు ప్రకారం నువ్వే కట్టాలి. కట్టలేకపోతే దొంగతనం కేసో, దొంగలెక్కల కేసో. ఆ కేసుల్లో ఎక్కువభాగం పోస్టాఫీసు తనే వేసింది. నష్టపోయానన్నదీ అదే, దర్యాప్తు చేసిందీ అదే, ప్రాసిక్యూటరూ అదే. మొత్తం తొమ్మిది వందల మందికి పైగా దోషులయ్యారు. కనీసం 13 మంది ఆత్మహత్యలకి ఇదే కారణమై ఉండొచ్చని సర్ విన్ విలియమ్స్ విచారణ నివేదిక మొదటి సంపుటం 2025 జులైలో చెప్పింది.

సిస్టమ్‌లో ఏదో తేడా ఉందని వీళ్ళు మొత్తుకుంటే, ఆడలేక మద్దెల ఓడు అంటున్నారన్నారు. మద్దెల నిజంగానే ఓడు.

అసలు ‘కోర్టులూ పత్రికలూ చేయలేకపోయాయి’ అనడమే తప్పు. కంప్యూటర్ వీక్లీ అనే ట్రేడ్ పత్రిక 2009లోనే ఏడుగురు పోస్ట్‌మాస్టర్ల కథలు అచ్చేసింది. అలాన్ బేట్స్ ముందుండి నడిపిన 555 మంది దావాలో, హొరైజన్ మీద పోస్టాఫీసు చేస్తున్న వాదన భూమి బల్లపరుపుగా ఉందనడం లాంటిదేనని జస్టిస్ ఫ్రేజర్ 2019 డిసెంబరులో తీర్పు రాశారు. ఆ కేసులో సెటిల్‌మెంట్‌గా వచ్చిన దాదాపు 5.8 కోట్ల పౌండ్లలో చాలా భాగం లాయర్లకీ, కేసుకి పెట్టుబడి పెట్టినవాళ్ళకీ పోయింది, అది వేరే కథ. 2021 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు 39 మంది శిక్షలు కొట్టేసింది. ఇదంతా 2024 జనవరిలో ఐటీవీ నాటకం రాకముందే జరిగింది. నిజం అప్పటికే తేలిపోయింది. కావలసిందల్లా సిగ్గు. నాటకం దాన్ని తెచ్చిపెట్టింది, ఒప్పుకుంటాను. అప్పటి ప్రధాని సునాక్ జనవరి 10న చట్టం తెస్తామన్నారు, మే 24కల్లా తెచ్చారు. వందలమంది శిక్షలు ఒక్క కలంపోటుతో రద్దు.

అయితే నాటకానికి మొహాలు కావాలి. మంచివాడైన అలాన్ బేట్స్, పాపం జో హామిల్టన్, గుండె కరగని పోస్టాఫీసు సీఈవో. మొహం లేనివాటిని నాటకం చూపించలేదు. ఈ మొత్తంలో నాకు అందరికంటే పెద్ద విలన్‌గా కనపడేది మొహం లేని ఒక చట్టపు వాక్యం.

1984లో బ్రిటన్ చేసిన పోలీసు సాక్ష్యాల చట్టంలో 69వ సెక్షను ఒకటుండేది. క్రిమినల్ కేసులో కంప్యూటర్ రికార్డుని సాక్ష్యంగా పెడితే, ఆ కంప్యూటరు సరిగ్గా పనిచేస్తోందని పెట్టినవాళ్ళే చూపించాలి. 1997లో లా కమిషన్ ఇది ఆచరణలో కష్టంగా ఉందనీ, తీసేయమనీ సలహా ఇచ్చింది. కంప్యూటర్ తప్పులు చాలావరకూ అయితే వెంటనే కనపడతాయి, లేకపోతే డేటా ఎక్కించినవాళ్ళ పొరపాటు అయ్యుంటాయి - వాళ్ళు ఆనుకున్న వాదన ఇదీ. 1999లో చట్టం చేసి సెక్షను ఎత్తేశారు. మిగిలింది పాత కామన్ లా ఊహ: యంత్రం సరిగ్గానే పనిచేసిందని అనుకుందాం, కాదనేవాళ్ళు ఏదైనా చూపించండి. సరిగ్గా అప్పుడే హొరైజన్ దేశమంతా కౌంటర్ల మీదికొస్తోంది.

‘వెంటనే కనపడతాయి’ అన్న మాట చదివి, ప్రొడక్షన్‌లో ఒక్క రాత్రి ఆన్-కాల్ చేసిన ఇంజనీరెవరైనా నవ్వుతాడు. నవ్వొచ్చే విషయం కాదనుకోండి. స్కాట్లండ్‌లో డాల్‌మెలింగ్టన్ అనే చోట 2015లో జరిగింది చూడండి. బ్రాంచికి వచ్చిన 8,000 పౌండ్ల నగదు అందిందని నమోదు చెయ్యాలి. స్క్రీన్ బిగుసుకుపోయింది. ఎంటర్ నొక్కారు. కదల్లేదు. మళ్ళీ నొక్కారు. మనమందరం చేసేదే. స్క్రీన్ మీద ఏమీ మారలేదు గానీ వెనకాల నొక్కినప్పుడల్లా ఇంకో 8,000 అందినట్టు రాసుకుంటూ పోయింది. చివరికి 24,000 పౌండ్ల తేడా. ఆ కౌంటర్ వెనక నుంచున్న మనిషికి ఇందులో ‘వెంటనే కనపడింది’ ఏమిటి? ఒకే రిక్వెస్టు నాలుగుసార్లొస్తే ఒకసారే లెక్కేసుకోవాలని మా పనిలో ఫ్రెషర్లకి మొదటి ఏడాదే చెప్తాం.

ఇంకోటి. 1998లో, అంటే సిస్టమ్ దేశమంతా పెట్టకముందే, కౌంటర్ సాఫ్ట్‌వేర్ మీద ఐసీఎల్ లోపలే ఒక రిపోర్టు తయారైంది. ఒక సంఖ్య ప్లస్సయితే మైనస్, మైనస్సయితే ప్లస్ చెయ్యాలి. ముందు ఒక మైనస్ గుర్తు పెడితే అయిపోయే పని. ఆ కోడ్‌లో ఏం చేశారంటే, ప్లస్ సంఖ్యయితే దాన్ని రెట్టింపు చేసి అందులోంచే తీసేశారు! రాసినవాళ్ళకి లెక్కల ప్రాథమిక జ్ఞానం కూడా లేదని ఆ రిపోర్టే చెప్పింది. అంటే లోపలివాళ్ళకి తెలుసు. ఫుజిత్సు దగ్గర తెలిసిన తప్పులన్నిటికీ ‘నోన్ ఎర్రర్ లాగ్’ అని ఒక పట్టికే ఉండేది. అలాంటి పట్టిక లేని సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండదు. చట్టం మాత్రం తప్పులు లేవనుకుందాం అంటుంది.

సీమా మిశ్రాని తీసుకోండి. సర్రే కౌంటీలో వెస్ట్ బైఫ్లీట్ అనే ఊళ్ళో పోస్టాఫీసు నడిపారు. 74,000 పౌండ్లు దొంగిలించారని 2010లో కేసు విచారణకొచ్చింది. ఆవిడ తరఫువాళ్ళు హొరైజన్ డేటా ఇమ్మని మళ్ళీ మళ్ళీ అడిగారు. విచారణకి కొద్దిరోజుల ముందే హొరైజన్‌లోని ఒక బగ్ గురించిన నోట్ పోస్టాఫీసు న్యాయవిభాగానికి చేరింది. డిఫెన్సుకి ఇవ్వలేదు. రెండో బిడ్డ కడుపులో ఉండగా ఆవిడకి పదిహేను నెలల జైలుశిక్ష పడింది. ఇప్పుడు చెప్పండి, యంత్రం తప్పుచేసిందని చూపించే పని ఎవరిమీద పెట్టారు? లాగ్స్ లేని మనిషి మీద, సోర్స్ కోడ్ లేని మనిషి మీద, నీకొక్కదానికే ఇలా జరుగుతోందని హెల్ప్‌లైన్ ఎవరితో చెప్తుందో ఆ మనిషి మీద. నిర్దోషినని నువ్వే నిరూపించుకో అనడానికి ఇదొక మర్యాదైన పద్ధతి.

దీనికొక జవాబుంది. ప్రతి ఫోన్‌ బిల్లుకీ, ప్రతి బ్రెత్ అనలైజర్ కాగితానికీ ఎక్స్‌పర్ట్‌ని తెచ్చి కూచోబెడితే ఏ కేసూ నడవదు అంటారు. నిజమే, నడవదు. కానీ అడిగేది అది కాదు. ఒక మనిషిని జైలుకి పంపే అంకె ఒక సిస్టమ్ నుంచి వస్తే, ఆ సిస్టమ్ తెలిసిన తప్పుల పట్టికా, ఆ లెక్కలోకి దూరంనుంచి ఎవరెవరు చెయ్యిపెట్టగలరన్న వివరమూ ముందు బల్లమీద పెట్టమనడం. (బ్రాంచి లెక్కల్లోకి ఫుజిత్సువాళ్ళు దూరంనుంచి వెళ్ళగలరన్నది పోస్టాఫీసు ఏళ్ళతరబడి కాదంటూనే ఉంది.) ఆ పట్టికా వివరమూ ఎలాగూ ఉంటాయి. కొత్తగా తయారుచెయ్యక్కర్లేదు.

అందుకే ‘ఐటీ స్కాండల్’ అన్న పేరంటేనే నాకు పడదు. బగ్ ఎవరినీ జైలుకి పంపలేదు. బగ్ ఉందని టికెట్ పెడితే ‘యూజర్ ఎర్రర్’ అని మూసేసేవాళ్ళు మా వృత్తిలో ప్రతిచోటా ఉన్నారు, ఆ మాటని కోర్టు నమ్మడమే ఇక్కడ కొత్త.

ఇది బ్రిటన్ గొడవ, మనకెందుకు అనుకుంటే, 2025 అక్టోబరులో ముంబై వచ్చిన ప్రధాని స్టార్మర్ నందన్ నీలేకనిని కలిసి, మన ఆధార్‌ని పెద్ద విజయమని మెచ్చుకున్నారు. అంతకు రెండువారాల ముందే తన దేశంలో డిజిటల్ ఐడీ తెస్తానని ప్రకటించి, లక్షలమంది సంతకాలతో వ్యతిరేకత మూటకట్టుకుని ఉన్నారు. ఆధార్ విజయాన్ని రేషన్ షాపులో వేలిముద్ర పడని ముసలమ్మ దగ్గర కూడా కనుక్కుంటే బావుండేది. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డుల్ని కంప్యూటర్ విశ్లేషణ పేరుతో నోటీసైనా ఇవ్వకుండా రద్దుచేస్తే, ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ చూడమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. అక్కడా అంతే. నువ్వు పేదవని కంప్యూటర్ ఒప్పుకోలేదు, కాదంటే నిరూపించుకో.

తొమ్మిది వందల మంది గురించి ఏడ్చిన బ్రిటన్, నష్టపరిహారం కింద ఇప్పటికి వంద కోట్ల పౌండ్లకి పైగా ఇచ్చింది. శిక్షల్ని నాలుగున్నర నెలల్లో రద్దుచేసిన పార్లమెంటు, ఆ శిక్షలు పడటానికి దారిచ్చిన ఊహని 2024 చట్టంలో ముట్టుకోలేదు. 2025 జనవరిలో న్యాయశాఖ కంప్యూటర్ సాక్ష్యం మీద అభిప్రాయాలు చెప్పండంటూ ఒక పత్రం విడుదల చేసింది. నాటకం వచ్చిన ఏడాదికి. ఈలోపు ఇంగ్లండ్‌లో ఏ కోర్టులోనైనా ఎవరైనా ఒక ప్రింటౌట్ తెచ్చి జడ్జి ముందు పెడితే, అది నిజమనే మొదలుపెడుతూ వచ్చారు.